శస్త్రచికిత్సకు ముందు పరీక్ష: డిగ్లీపూరు నుండి చూచినచో

ఉత్తర అండమాను దీవియందు డిగ్లీపూరు ముఖ్యమైన పట్టణము. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ తహసీలు జనసంఖ్య 43,183. కల్పాంగ్ నదీతీరమున, 732 మీటర్ల ఎత్తుగల శాడిల్ శిఖరమునకు చేరువన వరిపొలములును పోకతోటలును చేపలరేవులును గల ప్రాంతమది. 1950 తరువాత వచ్చి స్థిరపడిన బెంగాలీ కుటుంబములు అచ్చట అధికము. తక్కిన భాషలవారును వారితో కలసి జీవించుచున్నారు. దీవుల మొత్తము జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి సుమారు 13 మంది.

డిగ్లీపూరునందు సామాజిక ఆరోగ్య కేంద్రము కలదు. జిల్లా ఆసుపత్రి మాయాబందరునందున్నది. అంతకుమించిన నిపుణుల సలహా కావలెనన్నచో, 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్టుబ్లెయిరునకు పోవలెను. అది 300 కిలోమీటర్లకు పైబడిన దారి. జరావాల రక్షిత వనభాగమున వాహనములు నియమిత సమయములందు గుంపులుగా మాత్రమే సాగవలెను గనుక, ఒక పగలంతయు ప్రయాణమునకే చెల్లును. ఆపైన చెన్నపట్నమునకు గాని విశాఖపట్నమునకు గాని ఓడలో పోవుటకు రెండు మూడు దినములు పట్టును.

ఇట్టి చోట పుట్టిపెరిగిన యొక వ్యక్తి, తన దేహము తెలుపు లింగము వేరు, తన అంతరంగమెరిగిన లింగము వేరు అని గ్రహించి, శస్త్రచికిత్సను గూర్చి విచారింప మొదలిడినచో చెవినిబడు మాటలు సాధారణముగ రెండు తీరులుగ నుండును. “ఇది నేడు అందరును చేయించుకొనుచున్నదే, డబ్బిచ్చినచో ఒక్కరోజులో ముగియును” అనునది మొదటిది. “ఇది పిచ్చి, ఏ వైద్యుడును దీనికి ఒప్పుకొనడు” అనునది రెండవది. రెండును తప్పే. రెండును ప్రాణమునకు ముప్పు తెచ్చునవే. మొదటి మాట పరీక్ష లేని కత్తి యొద్దకు మనిషిని తోయును. రెండవ మాట వైద్యుని గడప తొక్కనీయదు. కావున ఈ శస్త్రచికిత్స ఎంత మంది పొందుచున్నారు, దానికి ముందు ఏ పరీక్షలు జరుగవలెను, ఆ పరీక్షలు దూరపు దీవివాసికి ఎట్లు అందవలెను అను మూడు విషయములను ప్రజలు సరిగా నెరుగుట మేలు.

ఎంత సాధారణము?

2011 జనాభా లెక్కలలో స్త్రీ, పురుష అను రెండు గళ్లతోపాటు “ఇతరులు” అను గడి మొదటిసారిగ చేర్చబడెను. దేశమున 4,87,803 మంది ఆ గడిలో నమోదైరి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వారి సంఖ్య 43,769. అండమాను నికోబారు దీవులలో 47. లెక్కించువాని యెదుట ఇంటి పెద్దలు నిజము చెప్పుటకు సంకోచించినచోట్ల ఈ సంఖ్య తగ్గియుండునని ఊహించుట కష్టము కాదు. అయినను ఒక్క సంగతి స్పష్టము: దీవులలో ఇట్టివారు లేరనుట అసత్యము.

ఆ గడిలో చేరినవారందరును శస్త్రచికిత్స పొందినవారు కారు, పొందగోరువారును కారు. ఈ భేదమును చాలమంది గుర్తింపరు. 2015లో అమెరికా సంయుక్త రాష్ట్రములలో 27,715 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను ప్రశ్నించిన సర్వేయందు, ఏదో యొక విధమైన శస్త్రచికిత్స పొందితిమని చెప్పినవారు నూటికి 25 మంది మాత్రమే. కొందరు పేరును, దుస్తులను మార్చుకొని తృప్తి చెందుదురు. కొందరు హార్మోను ఔషధములతో ఆగుదురు. కొందరికి ఖర్చు అడ్డు, కొందరికి భయము అడ్డు, మరికొందరికి ఆ కోరికయే లేదు.

అదే దేశమున ఆసుపత్రుల దాఖలాలను పరిశీలించిన వైద్యులు 2023లో ఒక అంచనాను ప్రకటించిరి. 2016 నుండి 2020 వరకు గల అయిదేండ్లలో సుమారు 48,000 మంది లింగమార్పిడికి సంబంధించిన శస్త్రచికిత్సలు పొందిరి. 2016లో 4,552గా నున్న సంఖ్య 2019 నాటికి 13,011కు పెరిగెను. వీరిలో సగముకన్న నెక్కువమందికి జరిగినది వక్షస్థలమునకు సంబంధించిన శస్త్రచికిత్స. జననాంగములకు జరుగు పెద్ద శస్త్రచికిత్స పొందినవారు సుమారు మూడవవంతు.

ఈ అంకెలు రెండు విషయములు చెప్పుచున్నవి. వృద్ధి నిజము. కాని 2019లో సైతము ఆ దేశపు జనాభాలో లక్షమందికి నలుగురుకన్న మించి ఈ చికిత్స పొందలేదు. ఉపమానముగ ఆ నిష్పత్తిని డిగ్లీపూరు తహసీలంతటి జనాభాకు వర్తింపజేసినచో ఏటికి ఒకరో ఇద్దరో అగుదురు. భారతదేశపు పరిస్థితి వేరు. అయినను “అందరును చేయించుకొనుచున్నారు” అను మాటకు ఆధారము లేదని తెలియుటకు ఈ లెక్క చాలును. వైద్యుల చేతికి రాకుండ, చాటుమాటున జరుగు అంగచ్ఛేదములు ఏ ఆసుపత్రి దాఖలాలకును ఎక్కవు. ప్రమాదమంతయు అచ్చటనే దాగియున్నది.

పరీక్ష లేనిచోట

హిజ్రా సమాజములలో “నిర్వాణము” అను పేర అంగచ్ఛేదము చేయు ఆచారము అనాదిగ కలదు. మత్తుమందు లేక, రక్తము ఎక్కించు సదుపాయము లేక జరుగు ఈ పని ఎందరి ప్రాణములను హరించెనో లెక్కించినవారు లేరు. కాలము మారినను ఈ ప్రమాదము తొలగలేదు, వేషము మార్చుకొన్నదంతే. 2022 ఫిబ్రవరిలో నెల్లూరు పట్టణమున ఒక లాడ్జి గదిలో ఇద్దరు ఫార్మసీ విద్యార్థులు ఇట్టి శస్త్రచికిత్సకు పూనుకొనిరి. చేయించుకొన్న వ్యక్తి ఆ గదిలోనే మరణించెను. పోలీసులు ఆ విద్యార్థులను అరెస్టు చేసిరి.

ఆ మరణమునకు కారణము శస్త్రచికిత్సను కోరుట కాదు. ఇదే శస్త్రచికిత్స అర్హతగల వైద్యులచే, సన్నద్ధమైన ఆసుపత్రిలో, ముందు పరీక్షలు జరిగిన పిదప దేశమున పలుచోట్ల క్షేమముగ జరుగుచున్నది. లాడ్జి గదిలో లోపించినవి రక్తపరీక్ష, మత్తుమందు వైద్యుడు, రక్తస్రావమును ఆపు నేర్పు, ఆపైన “ఇది నీకు నేడు తగునా?” అని అడుగు మనిషి. పరీక్ష యనగా నేమో తెలిసికొనుటకు ఇంతకన్న స్పష్టమైన, ఇంతకన్న బాధాకరమైన ఉదాహరణము అక్కరలేదు.

పరీక్ష యనగానేమి?

మొదటిది మనస్సునకు సంబంధించినది. ఇచ్చట నొక అపోహను తొలగింపవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి 1 నుండి అమలులోనికి తెచ్చిన రోగముల వర్గీకరణ పదునొకండవ కూర్పున, ఈ లింగ వైరుధ్యము మానసిక వ్యాధుల అధ్యాయము నుండి తొలగింపబడి, లైంగికారోగ్యమునకు సంబంధించిన అధ్యాయమున చేర్చబడెను. కావున మనోవైద్యుని యొద్దకు పంపుట పిచ్చిని కనిపెట్టుటకు కాదు. ఈ భావము ఆ వ్యక్తియందు స్థిరముగ, దీర్ఘకాలముగ నున్నదా? శస్త్రచికిత్స ఏమి చేయగలదో, ఏమి చేయలేదో ఆ వ్యక్తి గ్రహించెనా? సమ్మతి స్వేచ్ఛగ నిచ్చినదా, లేక కుటుంబపు ఒత్తిడిచేతనో, గురువు ఆజ్ఞచేతనో, వివాహముచేసికొందునన్న యొకరి మాటచేతనో ఇచ్చినదా? వీటిని తెలిసికొనుటకే ఆ సంప్రదింపు. దిగులు, మద్యపానము, ఆత్మహత్యా చింతన వంటివి కనబడినచో అవి శాశ్వతమైన అనర్హతలు కావు. ముందుగ వాటికి చికిత్స జరిగిన పిదప శస్త్రచికిత్సను గూర్చి ఆలోచింతురు.

ఈ పరీక్షకు ప్రపంచమంతట ఆధారముగ గైకొనబడు ప్రమాణములను ట్రాన్స్‌జెండర్ ఆరోగ్యమునకై పనిచేయు అంతర్జాతీయ వైద్యసంఘము 1979 నుండి వెలువరించుచున్నది. దాని ఏడవ కూర్పు జననాంగ శస్త్రచికిత్సకు ఇద్దరు నిపుణుల ధ్రువపత్రములను, పండ్రెండు మాసముల హార్మోను చికిత్సను కోరినది. కోరుకొన్న లింగమున పండ్రెండు మాసములు జీవించి చూచుటయు పునర్నిర్మాణ శస్త్రచికిత్సలకు అవసరమనెను. 2022లో వెలువడిన ఎనిమిదవ కూర్పు వయోజనులకు ఈ భారమును తగ్గించి, ఒక్క నిపుణుని పత్రము చాలుననియు, హార్మోనులు కోరువారికి ఆరు మాసముల చికిత్స తగుననియు తెలిపెను. భారతదేశమున అనేకులు శస్త్రవైద్యులు నేటికిని రెండు పత్రములను కోరుచున్నారు. పదునెనిమిదేండ్లు నిండనివారి విషయము వేరు. 2024 ఏప్రిల్‌లో ఇంగ్లండున వెలువడిన డాక్టరు హిలరీ కాస్ నివేదిక, కౌమార వయస్కులకు చేయు ఔషధచికిత్సలకు గల శాస్త్రీయ సాక్ష్యము బలహీనమని తేల్చి, మిక్కిలి జాగరూకత అవసరమని సూచించెను. వయోజనులకు వర్తించు మాటలను బాలబాలికలకు వర్తింపజేయరాదు.

రెండవది హార్మోనుల పరిశీలన. దుకాణమున గర్భనిరోధక మాత్రలు కొని, వైద్యుని సలహా లేక ఎడతెగక మ్రింగుట కొందరికి అలవాటు. అందలి ఈస్ట్రోజను రక్తనాళములలో గడ్డలు కట్టు ప్రమాదమును పెంచును. పొగత్రాగువారికి ఆ ప్రమాదము మరింత అధికము. కావున తాను వాడుచున్న ప్రతి మాత్రను, ప్రతి సూదిమందును వైద్యునికి దాచక చెప్పవలెను. శస్త్రచికిత్సకు ముందు కొన్నాళ్లు మందును ఆపవలెనా, కూడదా యనునది వైద్యుడు నిర్ణయింపవలసిన విషయము.

మూడవది దేహపరీక్ష. రక్తహీనత, మధుమేహము, రక్తపు గడ్డకట్టు శక్తి, కాలేయము, మూత్రపిండములు, గుండె పనితీరు చూడవలెను. హెచ్.ఐ.వి., హెపటైటిస్ పరీక్షలును జరుగును. హెచ్.ఐ.వి. ఉన్నంతమాత్రమున చికిత్సను నిరాకరింపరాదు, 2017నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము అట్టి వివక్షను నిషేధించెను. పొగాకు వాడువారు దానిని ముందుగనే మానవలెను. నికోటిను చర్మమునకు రక్తప్రసారమును తగ్గించి గాయము మానకుండ చేయును.

నాల్గవది సంతానమును గూర్చిన సలహా. వృషణములు గాని అండాశయములు గాని తొలగించిన పిదప స్వంత బిడ్డలు కలుగరు. బీజమును, అండమును ముందుగ భద్రపరచుకొను మార్గములు కలవు. ఈ మాట శస్త్రచికిత్సకు ముందు చెప్పినచో సలహా. తరువాత చెప్పినచో శోకము.

అయిదవది సమ్మతి. సంతకము పెట్టు కాగితమును ఆ వ్యక్తికి అర్థమగు భాషలో చదివి వినిపింపవలెను. తెలుగో బెంగాలీయో మాత్రమే బాగుగ నెరిగిన దీవివాసిచే ఆంగ్ల పత్రముమీద వ్రేలిముద్ర వేయించుట సమ్మతి కానేరదు. శస్త్రచికిత్స తరువాతి శ్రమను సైతము అప్పుడే వివరింపవలెను. కొత్తగ నిర్మించిన యోని మూసికొనిపోకుండ మాసముల తరబడి, ఆపైనను, సాధనముతో వ్యాకోచము చేసికొనుచుండవలెను. పురుషాంగ నిర్మాణము ఒక్క శస్త్రచికిత్సతో సాధారణముగ ముగియదు.

పరీక్షపై ఆక్షేపణలు

పరీక్ష అవమానకరమని కొందరు వాదింతురు. “నా దేహమును గూర్చి మరియొకని అనుమతి యేల?” అను ప్రశ్నలో న్యాయమున్నది. పరీక్ష పేరిట వెకిలి ప్రశ్నలు వేసిన వైద్యులును, “సరిచేసెదము” అని మనస్సును హింసించినవారును లేకపోలేదు. అందువలననే జాతీయ వైద్య కమీషను 2022లో, లైంగికతను గాని లింగభావమును గాని బలవంతముగ మార్చజూచు “చికిత్స”ను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగ పరిగణించెను. అయినను ఏ పెద్ద శస్త్రచికిత్సకైనను ముందు పరీక్ష తప్పదు. గుండెకు శస్త్రము చేయువాడు రక్తము పరీక్షించినచో ఎవ్వరును అవమానముగ నెంచరు. మార్చవలసినది పరీక్షించువాని నడవడి. పరీక్షను తీసివేయుట మార్గము కాదు.

మరికొందరు ఇందుకు విరుద్ధముగ, పరీక్షలను మరింత కఠినము చేసి ఈ శస్త్రచికిత్సనే అరికట్టవలెనందురు. చేయించుకొన్నవారు పశ్చాత్తాపపడుదురని వారి భయము. ఆమ్‌స్టర్‌డాము నగరపు వైద్యశాల 1972 నుండి 2015 వరకు చూచిన 6,793 మంది దాఖలాలను పరిశోధకులు 2018లో ప్రకటించిరి. బీజకోశములను తొలగించుకొన్న ట్రాన్స్ స్త్రీలలో నూటికి 0.6, ట్రాన్స్ పురుషులలో నూటికి 0.3 మంది మాత్రమే పశ్చాత్తాపమును వెల్లడించిరి. చాలమంది కొన్నేండ్లకు వైద్యశాలకు రాక మానినందున ఈ అంకెను చివరిమాటగ గైకొనరాదు. అయినను సావధానముగ పరీక్షించి చేసినచోట పశ్చాత్తాపము అరుదు అనునది దీనివలన తేలుచున్నది. పరీక్షను అసాధ్యము చేసినచో కోరిక చావదు; అది లాడ్జి గదిని వెదకికొనును.

చట్టమును గూర్చియు నొక మాట. అత్యున్నత న్యాయస్థానము 2014 ఏప్రిల్ 15న ఇచ్చిన తీర్పున, లింగమును గుర్తించుటకు శస్త్రచికిత్స కావలెనని పట్టుబట్టుట అనైతికము, చట్టవిరుద్ధము అని చెప్పెను. 2019నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టము తన 15వ విభాగమున, శస్త్రచికిత్సకును హార్మోను చికిత్సకును ముందు వెనుకల సలహా నిచ్చు ఏర్పాటు ప్రభుత్వముల బాధ్యతగ పేర్కొనెను. ధ్రువపత్రముల నిబంధనలు సవరణలకు లోనగుచుండును గనుక, దరఖాస్తుకు ముందు జిల్లా మేజిస్ట్రేటు కార్యాలయమున అప్పటి నియమమును విచారించుకొనుట మంచిది. కేవలము ఒక కాగితము కొరకు ఎవ్వరును కత్తి క్రిందికి పోరాదు.

దూరమను భారము

ఇక డిగ్లీపూరు మాట. ఏటికి ఒకరిద్దరికై అచ్చట శస్త్రశాలను నెలకొల్పవలెననుట సమంజసము కాదు. ఇట్టి శస్త్రచికిత్స తరచుగ చేయుచు చేయి తిరిగిన వైద్యుని యొద్దనే జరుగుట క్షేమము. దానికై సముద్రము దాటుట తప్పదు. కాని పరీక్షలన్నిటికిని సముద్రము దాటింపనక్కరలేదు. మనోవైద్యుని ఒక్కొక్క సంప్రదింపునకు, ఒక్కొక్క రక్తపరీక్షకు, ఒక్కొక్క పత్రమునకు చెన్నపట్నమునకు పోయిరావలెనన్నచో, కూలిపనివాడో చేపలవేట కుటుంబపు బిడ్డయో మధ్యలోనే విసిగి దగ్గరిదారి వెదకుట సహజము. దగ్గరిదారి యనగా అర్హత లేనివాని చేయి.

రక్తహీనత, మధుమేహము, రక్తపోటు వంటి మొదటి పరీక్షలు డిగ్లీపూరు ఆరోగ్య కేంద్రమున జరుగదగినవి. తక్కినవి మాయాబందరు జిల్లా ఆసుపత్రికిని, పోర్టుబ్లెయిరునందలి గోవిందవల్లభ పంత్ ఆసుపత్రికిని అప్పగింపదగును. మనోవైద్యుని సంప్రదింపులను దూరశ్రవణ, దృశ్య సాధనములచే నడపుట నేడు కొత్త కాదు. 2022 అక్టోబరు 10న ప్రారంభింపబడిన టెలీ మానస్ సేవ 14416 అను సంఖ్యపై రాత్రింబవళ్లు మనోవేదన గలవారికి సలహా నిచ్చుచున్నది. 2022 ఆగస్టులో ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఏటికి 5 లక్షల రూపాయల వరకు చికిత్సా రక్షణ కల్పించు ఒప్పందము కుదిరెను. లింగమార్పిడి శస్త్రచికిత్సయు అందు ఉద్దేశింపబడెను. శస్త్రచికిత్స ఖర్చు తీరినను ఓడఛార్జీలు, వెంటవచ్చువాని బస, మరల చూపించుకొనుటకు చేయవలసిన ప్రయాణము మిగిలియే యుండును. దీవివాసుల విషయమున ఈ ఖర్చును చికిత్సలో భాగముగ లెక్కించుట న్యాయము.

దీనికి పెద్ద ధనము అవసరము లేదు. కోరువారి సంఖ్య స్వల్పమగుటయే ఇందుకు అనుకూలము. కావలసినది ఆరోగ్య కేంద్రమున ఒక్క నర్సుకైనను, ఒక్క వైద్యునికైనను ఈ విషయమున శిక్షణ. తలుపు దగ్గరకు వచ్చినవానిని నవ్వక, కసరక, రహస్యమును ఊరికి చాటక, పేరు అడిగి కూర్చుండబెట్టు మర్యాద. చిన్న ఊరిలో రహస్యము పొక్కినచో ఆ వ్యక్తి మరల ఆ గడప తొక్కడు.

తలిదండ్రుల కర్తవ్యమును కొంత కలదు. బిడ్డ ఈ మాట చెప్పినప్పుడు కొట్టి ఇంటినుండి తరిమినచో, ఆ బిడ్డకు తెలియని ఊరిలో తెలియనివారే దిక్కగుదురు. వెంటనే శస్త్రచికిత్సకు ఒప్పుకొనవలెనని ఎవ్వరును కోరుట లేదు. ముందు అర్హతగల వైద్యునితో మాటాడుదమని చెప్పి, ఆ ప్రయాణమున తోడు వెళ్లుట చాలును. పరీక్షకు పట్టు మాసములు బిడ్డకు ఆలోచించుకొను కాలము. తలిదండ్రులకు అర్థము చేసికొను కాలము.

శస్త్రచికిత్స కోరువారు మూడు విషయములను జ్ఞాపకముంచుకొనవలెను. చేయువాని అర్హతను, ఆసుపత్రి అనుమతిని విచారింపక ఎవ్వరికిని దేహమును అప్పగింపరాదు. పరీక్ష అక్కరలేదని చెప్పువాని యొద్దకు ఎన్నటికిని పోరాదు. వాడుచున్న మందులను, ఉన్న వ్యాధులను వైద్యునికి దాచరాదు. ఈ మూడింటిని పాటించువారికి దారి సులభము చేయుట ఆరోగ్య శాఖల విధి. డిగ్లీపూరునందు పుట్టిన కారణమున ఒకరికి ఆ పరీక్ష అందక, మరియొకరికి నగరమున పుట్టిన కారణమున అందుట న్యాయము కాదు. దీవులలో లెక్కకెక్కిన ఆ 47 మందిలో ప్రతి యొక్కరికిని, లెక్కకెక్కనివారికిని, ఈ దేశపు వైద్యము బాధ్యత వహించుచున్నది.